మంగళం లేని ప్లేట్లు

మా అత్త పెంచలమ్మకు భయం ఎక్కువ. పిల్లి ఎదురొస్తే భయం, బల్లి పలికితే భయం, రెండు రోజులు బల్లి పలకకపోతే ఏదో ముంచుకొస్తోందని ఇంకా భయం. నేను చాపాడుకు కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఏ పనికి చెయ్యి పెట్టబోయినా "వద్దు మే" అనే మాటే ముందు వినబడేది. నాకా, నోరు కొంచెం ఎక్కువ. "అత్తా, ఊపిరి పీల్చుకోవచ్చునా, దానికీ వారం వర్జ్యం ఉందా" అనేదాన్ని. ఆమెకు కోపం రాదు. నా మాటకు కూడా భయపడేది.

అలాంటి మనిషి ఒక్కచోట మాత్రం భయపడదు. అది కాన్పు జరిగే గది గడప. ఆమె మంత్రసాని కాదు. బిడ్డను పట్టదు, తల్లిని తాకదు. గడప బయట కాళ్లు చాపుకుని కూర్చుని లక్కమ్మ పాట పాడుతుంది, అంతే. చుట్టుపక్కల ఏ ఊరిలో నొప్పులు మొదలైనా మంత్రసానితోపాటు మా అత్తకూ బండి వచ్చేది.

లక్కమ్మ మా వైపు పేరంటాలు. కరువు రోజుల్లో నిండు నెలలతో దిగుడుబావిలోకి నీళ్ల కోసం దిగిందట. బావి ఎండిపోయి ఉంది. ఒక్కో మెట్టుకూ దండం పెట్టుకుంటూ దిగితే, చివరి మెట్టు మీద గంగ పొంగి ఆమెను ముంచేసింది. ఊరి ఆడవాళ్లంతా గట్టున హారతి పట్టుకుని పిలిస్తే నీళ్ల మీద నడుచుకుంటూ, చంకలో బిడ్డతో పైకి వచ్చింది. ఆ పిలుపే మంగళం. 

"రావమ్మ లక్కమ్మ గట్టెక్కి రావమ్మ, చంకలో బిడ్డతో సల్లంగ రావమ్మ" అని మా అత్త గొంతెత్తే వేళకు లోపల బిడ్డ తల కనబడాలి.

పాటకు ఎన్ని మెట్లని నేను ఒకసారి అడిగాను.

"ఆ బిడ్డికి ఎన్ని కావాల్నో అన్ని" అంది.

నొప్పులు మెల్లగా వస్తుంటే మెట్టు మీద మెట్టు దింపుతూ పోయేది. తొందరగా వస్తుంటే నాలుగు మెట్లకే గంగను పొంగించేది. లోపలి మూలుగు విని పాట నడిపేది. అయితే ఒక కట్టుబాటు ఉంది. మొదలుపెట్టిన పాటను మంగళం దాకా పాడాల్సిందే. మధ్యలో వదిలితే లక్కమ్మ బావిలో ఉండిపోతుంది. ఒంటరిగా ఉండలేక తోడు పిలుచుకుంటుంది. ఎవరిని పిలుస్తుందో పేరు చెప్పేవాళ్లు కాదు గానీ, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లు ఆ మాట రాగానే కొంగు కప్పుకునేవాళ్లు.

ఈ పాట కోదండరామయ్య చెవిన పడటంతో మా ఇంటికి చిక్కు వచ్చింది. ఆయన జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు అయ్యవారు. ఆయన భార్య జానకమ్మకు కాన్పు కష్టమైతే మా అత్తను తీసుకుపోయారు. తెల్లవారిందాకా పాట సాగింది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. వసారాలో కూర్చున్న అయ్యవారు మాత్రం కొడుకు పుట్టిన సంగతి కంటే పాట సంగతే ఎక్కువ తలచుకుని ఏడ్చాడట. అప్పటినుంచి ఆయనకొక భయం పట్టుకుంది. ఈ ముసలామె పోతే ఈ పాట పోతుందని.

భయస్తురాలికి భయస్తుడు దొరికాడు. ఆయన చేతులు జోడించి మా వాకిట్లో నిలబడితే, అయ్యవారు దండం పెడితే పాపమని మా అత్త సరేనంది. సొంత ఖర్చుతో, ఏ కంపెనీ పిలవకపోయినా తానే పోయి, మద్రాసులో పాటను గ్రామఫోను ప్లేట్లెక్కించాలని ఆయన సంకల్పం. ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ముద్దనూరులో రైలెక్కాము. తోడుగా నన్ను తీసుకుపోయారు. నేను కొత్త కోక కట్టుకుని, నేనే పాడబోతున్నట్టు బయల్దేరాను.

మద్రాసులో ఆ గదికి కిటికీలు లేవు. తలుపు వేస్తే చెవులు మూసినట్టయింది. గోడ మీద ఎర్ర దీపం వెలిగితే పాడాలి. మా అత్త గది నలుమూలలా చూసింది.

"కాన్పు ఎవురికి సామీ?" అంది.

"ఎవరికీ లేదమ్మా. ఊరికే పాడాల. అందరూ వింటారు" అన్నాడు అయ్యవారు.

లోపల ఎవరూ మూలగని గడప ముందు ఆమె ఎన్నడూ కూర్చోలేదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. 

"మెట్టు మీద పాదమమ్మా లక్కమ్మా, పాదమంత చీకటమ్మా లక్కమ్మా." 

ఆపమని చెప్పే మూలుగు లేదు, తొందర పెట్టే అరుపు లేదు. దిగుతూనే పోయింది. అయ్యవారేమో గాజు పలక అవతలనుంచి ఒక్కటి కూడా వదలొద్దని చేత్తో సైగలు. మధ్యలో హార్మోనియం వాయించేవాడు తన విద్యంతా చూపించాడు. ఒక పక్క నిండితే ఇంకో పక్క, ఒక ప్లేటు నిండితే ఇంకో ప్లేటు. ఆమెకు తెలిసిన మెట్లన్నీ, ఆమె అమ్మ పాడిన మెట్లు, అవ్వ పాడిన మెట్లు, అన్నీ దిగింది. గంగ పొంగే చోటికి వచ్చేసరికి ఎర్ర దీపం ఆరిపోయింది. ప్లేట్లు అయిపోయాయన్నారు.

"సామీ, మంగళం?" అంది మా అత్త.

"మంగళహారతి ఏ ఇంట్లోనైనా పాడేదే గదమ్మా, అది యాడికీ పోదు. పోయేది మెట్లు. అవి దక్కినాయి" అన్నాడాయన సంతోషంగా.

ఆయన లెక్క ఆయనది. తప్పని చెప్పలేను. మా అత్త మాత్రం ఆ గదిలోనే లేచి నిలబడి, వినే యంత్రం లేకపోయినా, మంగళం పాడి కొంగు కళ్లకద్దుకుంది. పని పూర్తయిందనే అనుకుంది. పెట్టెలోని పాట ఎప్పుడు తిప్పితే అప్పుడు మళ్లీ మొదలవుతుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

ప్లేట్లు వచ్చాక జమ్మలమడుగు స్కూలు ఆవరణలో మొదటిసారి వినిపించారు. ప్రొద్దుటూరునుంచి అమీర్ బాషా తన గ్రామఫోను, మైకు తెచ్చాడు. ఆయన పెళ్లిళ్లకు మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు. మావైపు ఆడమనిషి గొంతు ప్లేటు మీద వస్తోందంటే మాటలా? ఊరంతా వచ్చింది. నేను ముందు వరసలో చాప వేసుకుని కూర్చున్నాను. ముల్లు పెట్టగానే మా అత్త గొంతు స్తంభానికి కట్టిన గొట్టంలోంచి వచ్చింది. జనమంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ నీళ్లు రెండో ప్లేటుకే ఆరిపోయాయి. దాచుకోవడమెందుకు, ఆ పాట నాకు నచ్చలేదు. గడప దగ్గర విన్నప్పుడు నా ఒళ్లు జలదరించిన పాటే అది. ఇక్కడేమో మెట్టు తర్వాత మెట్టు, మధ్యలో హార్మోనియం, మళ్లీ మెట్టు. ఎందుకు దిగుతోందో, ఎవరి కోసం దిగుతోందో తెలియదు. ప్లేటు తిప్పడం, ముల్లు మార్చడం, కీ ఇవ్వడం. మూడో ప్లేటుకు పిల్లలు లేచి పరుగెత్తారు. నాలుగోదానికి పెద్దలు ఆవలించారు.

"ఏందప్పా, ఇంగా దిగతానే ఉంది. అది బావా, పాతాళమా?" అన్నాడొకడు వెనకనుంచి. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. వెంటనే అత్త వైపు చూసి ఆపుకున్నాను.

ఆమెకు ఆ నవ్వు వినబడలేదు. చివరి ప్లేటు అయిపోయి ముల్లు గరగరమంటోంటే అమీర్ బాషా దాన్ని ఎత్తేశాడు. జనం చాపలు దులుపుకుంటున్నారు. మా అత్త నా మణికట్టు పట్టుకుంది.

"వసంతా, లక్కమ్మ యాడుంది?"

"యాడుండేదేంది అత్తా?"

"బావిలోనే ఉంది గదా మే. అందురూ లేసి పోతాండారే."

అప్పటికి గానీ నాకూ తట్టలేదు. ఆమె లేచి, కదిలిపోతున్న జనం మధ్య నిలబడి, మైకు లేకుండా మంగళం ఎత్తుకుంది. కొందరు ఆగారు. ఎక్కువమంది ఆగలేదు. ఇంకా ఉందా పాట అని ఒకావిడ నుదురు కొట్టుకోవడం నేను చూశాను.

ఆ ఏడాది మావైపు కొత్త సామెత పుట్టింది. బస్సు ఆలస్యమైతే "పెంచలమ్మ మెట్లు దిగతాందేమో" అనేవాళ్లు. చేనిగట్టు తగాదా తెగకపోయినా అదే మాట. విని నేను నవ్వలేక, ఏడవలేక ఉండేదాన్ని. ప్లేట్లు పెద్దగా ఎవరూ కొనలేదు. అయ్యవారే తెలిసినవాళ్లకు పంచిపెట్టాడు. ఒక సెట్టు అమీర్ బాషా దగ్గర, ఒకటి రాజుపాలెంలో ఒక పెద్దరైతు ఇంట్లో, ఒకటి పులివెందులలో మా ఆడబిడ్డ ఓబులమ్మ అత్తగారింట్లో. ఎక్కడ వాయిస్తున్నారని తెలిసినా మా అత్త అక్కడికి పరుగెత్తేది. వీధిలో నిలబడి చివరి ప్లేటు దాకా కాచుకుని, అది ఆగగానే మంగళం పాడి వచ్చేది. పిలవని పేరంటం. ముష్టిదనుకుని ఒక ఇంటివాళ్లు చేటలో బియ్యం తెచ్చారు. నాకు తలకొట్టేసినట్టయింది. 

"నీ పాటకు నువ్వే కాపలా కాస్తావా అత్తా, జీవితాంతం?" అని అరిచాను.

"కాయకపోతే ఎట్ల మే?" అంది.

రాజుపాలెంలో వాయించిన సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. ఏదో శుభకార్యానికి పెట్టి, సగంలో విసుగు పుట్టి తీసేశారట. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆ ఇంటి చిన్నకోడలు కాన్పులో పోయింది, బిడ్డతో సహా. ఆమెకు ఒంట్లో రక్తమే లేదని, ముందే ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందని డాక్టరు అన్నాడు. నేనూ అదే అన్నాను. పది మందితో అన్నాను. అంటూనే ఆ వారమంతా చీకటి పడితే మా పెరటి బావి వైపు పోలేదు. ఎవరో కిందినుంచి పేరు పెట్టి పిలుస్తారనిపించేది. నోరున్న కోడలి ధైర్యం అంతవరకే.

మా అత్త అన్నం మానేసింది. జమ్మలమడుగు పోయి, ప్లేట్లు పగలగొట్టమని అయ్యవారి కాళ్ల మీద పడింది. ఆయన పాపం వణికిపోయాడు. 

"అవి పగిలితే నేను బతకలేనమ్మా. ఎవరూ వాయించకుండా చెప్పిస్తా" అన్నాడు. 

చెప్పించాడు కూడా. అమీర్ బాషా అయితే ఎవరూ చెప్పకముందే తన ప్లేట్లు పెట్టెలో వేసి తాళం పెట్టాడు. 

"మా ఇంటామె రహమత్‌బీ నెలలు నిండి ఉంది పెద్దమ్మా. నాకెందుకు ఆ భయం?" అన్నాడు. 

ఇక మిగిలింది పులివెందుల.

ఓబులమ్మ గురించి ఇక్కడ చెప్పాలి. ప్లేట్లు వచ్చాక ఆమె మొదటి కాన్పు ఆచారం ప్రకారం మా ఇంట్లోనే జరిగింది. మా అత్త గడప దగ్గర కూర్చుని కూతురికోసం పాడింది. మెట్లు సరిగ్గానే దింపింది, మంగళమూ పాడింది. బిడ్డ మాత్రం ఊపిరి లేకుండా పుట్టింది. హారతి పాట గొంతులో ఉండగానే మంత్రసాని తల అడ్డంగా ఊపడం మా అత్త చూసింది. ఆనాటితో గడప దగ్గరి ధైర్యం కూడా పోయింది. ఎవరు బండి పంపినా పోలేదు. పాడినా పోతుంది, పాడకపోయినా పోతుంది, ఇంక నేనేం చేసేదని మూలన కూర్చునేది.

అందుకే రెండో కాన్పుకు ఓబులమ్మను పుట్టింటికి పంపలేదు. ఆమె మామ ఆదినారాయణ బత్తాయి కాసే చీనీతోటల ఆసామి. మంచివాడే, కాకపోతే ఏది చేసినా అతి. బావి తవ్విస్తే రాయి పడేదాకా, పెళ్లి చేస్తే ఊరు అప్పులు పడేదాకా. 

"ఈడ నర్సు ఉంది, మంత్రసాని మాబున్ని ఉంది, నీ పాట ప్లేట్లుండాయి. నువ్వు అగచాట్లు పడొద్దక్కా" అని మా అత్తకు కబురు చేశాడు. 

ప్లేట్లు పెట్టొద్దని మేము తిరుగుకబురు చేశాము. అది ఆయనకు చేరేసరికి ఎలా చేరిందో గానీ, "మధ్యలో ఆపనులే అక్కా, నాకు తెలుసు" అని జవాబొచ్చింది. విని మా అత్త గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

రాజధాని హైదరాబాదుకు మారిన మరుసటి ఏడు, ఎండాకాలం. పొద్దున్నే ప్రొద్దుటూరు బస్సు కండక్టరు మా ఇంటి ముందు బస్సాపి కేక వేశాడు. ఓబులమ్మకు ముందు రోజునుంచి నొప్పులు వస్తున్నాయని, మమ్మల్ని రమ్మన్నారని. మా ఇంటాయన పత్తి తోలుకుని ఆదోనికి పోయినాడు. నేనూ అత్తా అదే బస్సెక్కాము.

ఆ ప్రయాణం నేను మరచిపోలేదు. ప్రొద్దుటూరులో బస్సు మారాము. ముద్దనూరు దాటాక ఇంజను ఉడికిపోయి ఆగింది. డ్రైవరు నీళ్లకోసం డబ్బా పట్టుకుని పోయాడు. దిగి నిలబడ్డాము. కనుచూపు మేర ఎర్రనేల, రాళ్లు. నీడ లేదు. ఎవరో ప్రయాణికుడు అలవాటుగా "పెంచలమ్మ మెట్లు" అన్నాడు. ఆ పెంచలమ్మ పక్కనే నిలబడి ఉందని వాడికేం తెలుసు? ఆమె పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి మొక్కుకుంటోందనుకున్నాను. చెవి ఒగ్గి వింటే, "పెట్టొద్దప్పా, పెట్టొద్దప్పా" అంటోంది.

ఇన్నేళ్లూ ఎగతాళి చేసిన భయమంతా వడ్డీతో సహా నా మీదికే వచ్చింది. ఓబులమ్మ నాకంటే చిన్నది. మొదటి బిడ్డను పూడ్చి వచ్చాక నా ఒళ్లో తల పెట్టుకుని, "వదినా, రెండోసారి నేను కూడా పోతానేమో" అన్న పిల్ల. ఆ మాట అప్పుడు కొట్టిపారేశాను. ఆ ఎండలో అదే గుర్తొచ్చింది.

పులివెందులలో బస్సు దిగి వాళ్ల వీధి మలుపు తిరిగేసరికి వినబడింది. మా అత్త గొంతు.

"మెట్టు మీద పాదమమ్మా లక్కమ్మా, పాదమంత చీకటమ్మా లక్కమ్మా."

నా పక్కన మా అత్త నోరు మూసుకుని నడుస్తోంది. ఎదురుగా ఇంట్లోంచి ఆమె గొంతే వస్తోంది. ఆమె కాలు ఆగిపోయింది. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

వసారాలో గ్రామఫోను. దాని ముందు ఆదినారాయణ పంచె మోకాళ్ల పైకి చెక్కుకుని, చెమటలు కారుతూ కీ తిప్పుతున్నాడు. చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడలకు చేరగిలబడి ఉన్నారు. కునుకుతున్నారో, ఏడ్చి అలిసిపోయారో తెలియదు. మమ్మల్ని చూడగానే ఆదినారాయణ ముఖం పిల్లవాడిలా అయిపోయింది.

"అక్కా, వచ్చినావా. నిన్నటినుంచీ తిప్పతానే ఉండా. కడా ప్లేటు అయిపోతాది, మంగళం రాదు. మంగళం లేకుండా ఆపితే ఏమైతాదో అని మళ్ల మొదటినుంచీ పెడతాండా. చేతులు పడిపోయినాయి. ఆపేదానికి భయమైతాంది అక్కా."

మధ్యలో ఆపొద్దన్న మాటను ఆ మనిషి ప్రాణం పెట్టి పాటించాడు. నిన్నటినుంచి ఆ ఇంట్లో లక్కమ్మ బావిలోకి దిగుతూనే ఉంది. అడుగుకు చేరడం, మళ్లీ మొదటి మెట్టునుంచి దిగడం. ఒక్కసారి కూడా పైకి రాలేదు.

లోపలి గది తలుపు తీసుకుని మాబున్ని బయటికి వచ్చింది. వయసైన మంత్రసాని. ఎన్ని కాన్పులు చూసిందో, ఆమె కళ్లలో కూడా బెదురు కనబడింది.

"అక్కా, నొప్పులు సన్నగిల్లినాయి. పిల్ల ఒళ్లు వదిలేసింది. ఆ పాట వింటా వింటా, నేనూ దిగిపోతాండా, నేనూ దిగిపోతాండా అంటాంది. నర్సమ్మ సూదేసింది, కడప ఆస్పత్రికి కారు కోసం పోయినాది. అదొచ్చేదాకా నిలబడాల గదా" అంది.

లోపలినుంచి ఓబులమ్మ గొంతు వినబడింది. అరుపు కాదు, నిద్రలో మాట. "అమ్మ దిగతానే ఉంది. ఎక్కేది ల్యా."

మా అత్త గ్రామఫోను వైపు చూసింది. నల్లటి ప్లేటు తిరుగుతోంది. బల్లి పలక్కపోతే భయపడే మనిషి, పాటను మధ్యలో వదలకూడదని ఎండలో, వానలో ఊళ్లు తిరిగిన మనిషి. పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు నాకు వినబడింది.

"వసంతా, తీయి మే ఆ ముల్లు."

"మధ్యలోనా అత్తా?"

"మధ్యలోనే. నా చెయ్యి నిలవడం ల్యా. నువ్వు తీయి."

ఏ నమ్మకమూ లేదని ఊరంతా చెప్పుకుని తిరిగిన నేను ఆ ముల్లు ముందు నిలబడి కదల్లేకపోయాను. ఆదినారాయణ "వద్దమ్మా" అన్నాడు. గోడవార ఆడవాళ్లలో ఒకామె కడుపు మీద కొంగు కప్పుకుంది. ఇది తీశాక లోపల ఓబులమ్మ పోతే, పోయింది నా చేతుల మీదుగానే అవుతుంది. ఆ ఆలోచనతోనే చెయ్యి చాచి ముల్లు ఎత్తాను.

అంత నిశ్శబ్దాన్ని నేను మళ్లీ వినలేదు. మా అత్త ఆ నిశ్శబ్దంలోనే నడిచిపోయి, గడప దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది.

మంగళం పాడుతుందనుకున్నాను. పాడలేదు. చెవి తలుపుకు ఆనించి చాలాసేపు లోపలికి వింది. తర్వాత గొంతు తగ్గించి, ఆ పాటలో లేని మాట ఎత్తుకుంది.

"ఎక్కవే నా తల్లి ఇంకొక్క మెట్టు, పట్టవే నా చెయ్యి, ఇదిగోనె గట్టు."

అవ్వ పాడలేదు, అమ్మ పాడలేదు, మద్రాసులో ఆమే పాడలేదు. దిగిన మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించడం మొదలుపెట్టింది. రాగం కుదరలేదు, గొంతు వణికింది, ఒక్కోచోట మాట దొరక్క ఊరికే మూలిగింది. లోపలినుంచి ఒక మూలుగు బదులొచ్చింది. దానికి ఈమె ఇంకో మెట్టు. కాసేపటికి మూలుగు పెద్దదైంది. "ఆఁ, వస్తాండాయి, నొప్పులు వస్తాండాయి" అని మాబున్ని అంది. అప్పటిదాకా నేను గుమ్మం పక్క గోడను గోళ్లతో పట్టుకుని ఉన్నానని తర్వాత గోళ్లలో సున్నం చూసుకుంటే తెలిసింది.

కారు వచ్చేసరికి మా అత్త మంగళంలో ఉంది. ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపు మా అత్త పాట ఆపలేదు, అదే చరణం మళ్లీ మళ్లీ పాడింది. ఆమె ముఖం చూడలేక నేను నేలను చూస్తున్నాను. తర్వాత పిల్ల ఏడ్చింది. ఆదినారాయణ గ్రామఫోను పక్కనే కూలబడి ఏడ్చాడు.

ఓబులమ్మ పక్కన కాసేపు కూర్చున్నాక మా అత్త వసారాలోకి వచ్చింది. ఆగిపోయిన ప్లేటును వేలితో తడిమింది.

"ఇన్నాళ్లూ నేను లక్కమ్మకు భయపడినా మే. ఆయమ్మ ఎప్పుడో గట్టెక్కింది. దీంట్లో దిగతాండేది ఆయమ్మ గాదు."

"మరెవురత్తా?"

"నేను. నా గొంతు గదా ఇది. నేను పోయినంక గూడా ఇట్లే దిగతా ఉంటాది. పిలిచేవాళ్లు ఉండరు."

ఆమెకు ధైర్యం చెప్పాలని నోరు తెరిచాను. నాకున్నదే ఆ నోరు, అది కూడా ఆ పూట పనికిరాలేదు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు బతికింది. భయాలు ఏమీ తగ్గలేదు. మనవరాలికి తుమ్ము వచ్చినా పులివెందుల బస్సెక్కేది. మళ్లీ కాన్పులకు పోయింది, ఎక్కే మెట్లు కూడా పాడింది. అవి ఏ ప్లేటు మీదా లేవు. చివరికి ఒక చలికాలం జ్వరంలో పోయింది. పోయేముందు రోజు కూడా నా చెయ్యి పట్టుకుని, "బో చీకటిగా ఉంది మే" అంది. దీపం పెద్దది చేశాను. చీకటి అంటే దీపం సంగతి కాదని నాకు తెలుసు.

పెద్దదినం రోజు కోదండరామయ్య అయ్యవారు వచ్చాడు. అమీర్ బాషా వచ్చాడు, తాళం వేసి పెట్టిన ప్లేట్లు తెచ్చాడు. అయ్యవారు ముందు వద్దన్నాడు, తర్వాత ఆయనే పెట్టమన్నాడు. బంధువులంతా కూర్చుని విన్నారు. అది అప్పుడూ పొడుగే. హార్మోనియం అప్పుడూ నచ్చలేదు. మూడో ప్లేటుకు పిల్లలు బయటికి పోయారు, నాలుగోదానికి పెద్దలు సర్దుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఈసారి ప్రతి మెట్టూ విన్నాను. ఒక్కో మెట్టుకూ ఆ గొంతు ఇంకొంచెం లోపలికి పోతున్నట్టే ఉంది. చివరి ప్లేటు అయిపోయి ముల్లు గరగరమంది. అమీర్ బాషా ముల్లు తీయకుండా నా ముఖం చూశాడు.

నాకు గొంతు లేదు. పెళ్లిలో మంగళహారతి పాడమన్నా పక్కవాళ్లను ముందుకు తోసేదాన్ని. లేచి నిలబడి, హారతి పళ్లెం పట్టుకుని మొదలుపెట్టాను. రాగం తప్పింది. రావమ్మ లక్కమ్మ అనాల్సిన చోట, రావమ్మ పెంచలమ్మ గట్టెక్కి రావమ్మ అన్నాను. ఓబులమ్మ కూతురిని ఎత్తుకుని వచ్చి నా పక్కన నిలబడి గొంతు కలిపింది. ఎవరూ తప్పు పట్టలేదు.